పండిన వెలుగు

నిన్ను మొదటిసారి మా నాన్న కంట్లో చూశాను.

సంక్రాంతి ఇంకా వారం ఉంది. కళ్లంలో నూర్పిడి మిషను రాత్రంతా ఆడింది. తెల్లారగట్ల ఒక వడ్లపొట్టు ఎగిరొచ్చి నాన్న కుడికంట్లో పడింది. తలగుడ్డ కొసతో ఒత్తుకున్నాడు. చెంబెడు నీళ్లు కొట్టుకున్నాడు. బాలింత ఇంటికెళ్లి చనుబాలు తెస్తానని నాయనమ్మ బయల్దేరితే కసిరాడు. మధ్యాహ్నానికి కన్ను చింతనిప్పైంది. పక్క టౌనులో కంటి డాక్టరు గారి దగ్గరికి వెళ్తూ, ఒంటికన్నుతో రోడ్డు దాటలేనని నన్ను వెంటబెట్టుకున్నాడు. నాకప్పుడు పదేళ్లు.

డాక్టరు గారు కవరు చించి సన్నటి కాగితం పీలిక ఒకటి తీశారు. దాని కొసన నారింజరంగు మరక. మరక మీద ఒక చుక్క సెలైన్ వేసి, నాన్న కిందిరెప్ప లోపల తాకించి, రెప్ప వేసి తియ్యమన్నారు. గదిలో లైటు ఆర్పి నీలిదీపం వేశారు. కాసేపు తను చూసుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "చూస్తావా అమ్మా?" అన్నారు.

నల్లగుడ్డు మీద పచ్చటి గీత. వాన వెలిశాక నారుమడి మీద ఎండ పడితే ఉంటుందే, ఆ పచ్చ. దాన్ని ఎవరో సూదిమొనకు ఎక్కించి గీసినట్టుంది. నాన్న కంట్లో అంత అందమైనది ఉందనీ, అది దెబ్బ అనీ రెండూ ఒకేసారి తెలిశాయి. రంగు కన్నంతా పారింది కదా, అక్కడే ఎందుకు నిలిచిందని అడిగాను. "బాగున్నచోట పట్టదమ్మా, కన్నీళ్లు కడిగేస్తాయి. పైపొర లేచినచోటే పడుతుంది" అన్నారాయన, మందుచీటీ రాసుకుంటూ.

ఆ మాటలో ఒక శాస్త్రం మొత్తం ఉందని తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. అప్పటికి హైదరాబాదులో ఒక ప్రయోగశాల చీకటిగదిలో, సూక్ష్మదర్శిని ముందు ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాను. అదే పచ్చ మళ్లీ కనిపించింది. ఈసారి ఒక కణంలో, కేంద్రకం చుట్టూ, సాలెగూటి పోగుల్లా. ఊళ్లో మనిషి పట్నంలో ఎదురైనట్టు అనిపించింది.

నీ పుట్టుక 1871. అడోల్ఫ్ ఫాన్ బేయర్ అనే జర్మన్ రసాయనవేత్త రిసార్సినాల్‌నూ థాలిక్ అన్‌హైడ్రైడ్‌నూ కలిపి వేడిచేశాడు. చూడ్డానికి రెండూ తెల్లగా ఉండేవే. వాటి కడుపున ఇటుకరంగు పొడివై పుట్టావు. క్షారం కలిపిన నీళ్లలో వేస్తే ఆ నీళ్లు పచ్చగా వెలిగాయి. ఫ్లోరెసీన్ అన్న పేరు తర్వాత స్థిరపడింది. నీ గుణాన్ని మన పాఠ్యపుస్తకాలు ప్రతిదీప్తి అంటాయి. ప్రతిధ్వనికి చెల్లెలిలాంటి చక్కని మాట. కాకపోతే ప్రతిధ్వని మనం అరిచిందే తిరిగి అరుస్తుంది. నువ్వు నీలం తాగి పచ్చ ఇస్తావు. తాగినదాంట్లో కాస్త వేడిగా జారవిడిచి, మిగిలినదాన్ని కొంచెం బలం తగ్గిన రంగుగా వదులుతావు. ఆ వెలుగు నీ దగ్గర ఆగేది ఎంతసేపని? సెకనును వందకోట్ల ముక్కలు చేస్తే వాటిలో సుమారు నాలుగు ముక్కలసేపు.

తీసుకున్న రంగుకూ ఇచ్చిన రంగుకూ ఉన్న ఈ తేడాను 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ వివరంగా రాశాడు. మలేరియాకు వాడే క్వినైన్ నీళ్లలో వెలిగే నీలాన్ని చూసి అతను ఈ దారి పట్టాడు. తేడా చిన్నదే. నీ మహిమంతా అందులోనే ఉంది. పంపిన రంగు వేరు, వచ్చే రంగు వేరు కాబట్టి మధ్యలో ఒక రంగుగాజు పెట్టి, పంపినదాన్ని పూర్తిగా ఆపేయొచ్చు. పగటిపూట చుక్కలు లేక కాదు, సూర్యుడి వల్ల కనపడవు. సూర్యుణ్ని ఆపి చుక్కల్ని వదిలే గాజు అది. కణానికి అమావాస్య తెప్పించి, ఆ చీకట్లో నిన్ను వెలిగించడమే మేము చేసే పని.

వెలిగేవి ఇంకా చాలానే ఉన్నాయనుకో. కొట్లో నకిలీనోట్లు పట్టే దీపం కింద, స్పిరిట్‌లో కలిపిన చిటికెడు పసుపు పచ్చగా మెరుస్తుంది. ఆకుపసరును అదే స్పిరిట్‌లోకి దింపితే, చూస్తే ఆకుపచ్చ, దీపం కింద పెడితే ఎరుపు. అసలు నోటు మీది అంకెలే వెలుగుతాయి. వెలగడం ఒక్కటే నీ విద్య అయితే నీకు స్తోత్రం అక్కర్లేదు. ఆ విద్య మిణుగురుకీ వచ్చు.

నీలో వేరే గుణం ఒకటి ఉందని మొదట కనిపెట్టినవాళ్లలో ఒక భూగర్భ శాస్త్రవేత్త ఉన్నాడు. జర్మనీలో ఇమెండింగెన్ అనే ఊరి దగ్గర డాన్యూబ్ నది నీళ్లు సున్నపురాతి పగుళ్లలోకి ఇంకిపోతాయి. కొన్ని రోజులు నది అడుగు ఎండిన బండలతో బయటపడుతుంది. పన్నెండు కిలోమీటర్ల దక్షిణాన ఆఖ్ అనే చోట పెద్ద ఊట ఉబుకుతుంది. అక్కడి నీళ్లు రైన్ నదిలో కలుస్తాయి. డాన్యూబ్ తూర్పున నల్లసముద్రానికి పోయే నది, రైన్ ఉత్తరసముద్రానికి. ఒక నది సొమ్మును ఇంకో నది భూమి లోపలినుంచి కాజేస్తోందని ఒడ్డున మిల్లులున్నవాళ్ల గొడవ. సాక్ష్యం ఎవరు చెబుతారు? నీళ్లకు పేరు రాసి ఉండదు కదా. 1877 అక్టోబరులో ఆ శాస్త్రవేత్త, అడోల్ఫ్ క్నోప్, నీ ఉప్పు పది కిలోలు ఆ పగుళ్ల దగ్గర నీళ్లలో పోయించాడు. దాదాపు అరవై గంటల తర్వాత ఆఖ్ ఊట పచ్చగా వెలుగుతూ లేచింది.

ఆ అరవై గంటలూ నిన్ను ఎవరూ చూడలేదు. రాతికింద, ఏ కొలతా అందని చీకట్లో, నీ దారిన నువ్వు పోయావు. బయటికొచ్చి ఒక్క మాట చెప్పావు: అది ఇదే. ఈ రెండు నీళ్లూ ఒకటే. సాక్షికి ఇంతకన్నా ఎక్కువ మాటలు అనవసరం. ఆ తర్వాత ఇన్నేళ్లలో నిన్ను ఎవరు ఏ గదిలోకి పంపినా నువ్వు చెప్పింది ఆ మాటే.

నీళ్లలో కలిసిపోవడం సులువే. ప్రోటీన్‌కు పట్టుకుని వదలకుండా ఉండటం వేరు. దీనికి మా ఇంట్లో ఒక క్రియాపదం ఉంది.

ఆషాఢం వస్తే నాయనమ్మ గోరింటాకు రుబ్బేది. రాత్రి వేళ్లకు టోపీలు పెట్టి, అరచేతిలో చందమామ దిద్ది, పొద్దున దాకా కదలొద్దనేది. తెల్లారి ఎండిన ఆకు దులిపి కొబ్బరినూనె రాసుకుని చూసుకుంటే, చేతులు పండేవి. అంటుకుంది అని ఎవరూ అనరు. పండింది అంటారు. గోరింటాకులో లాసోన్ అనే అణువు ఉంటుంది. చర్మంలోని, గోటిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌తో అది రసాయనికంగా ముడి వేసుకుంటుంది. అందుకే సబ్బుకు పోదు. చర్మం పొర రాలాలి, గోరు పెరిగి చివరిదాకా రావాలి. ప్రోటీన్‌కు రంగుగుర్తు వేసే విద్య మా వీధి ఆడపిల్లలందరికీ బడికి పోకముందే వచ్చు. పేరొక్కటే తెలియదు.

పెడనలో కలంకారీ అద్దేవాళ్లకు ఇంకో అడుగు తెలుసు. బట్ట మీద ఎరుపు కావాల్సినచోట అచ్చుతో పటిక అద్దుతారు. అప్పుడు బట్ట మొత్తాన్ని రంగుకాగులో ఉడికిస్తారు. రంగు బట్టంతా తాకుతుంది, పటిక ఉన్నచోటే నిలుస్తుంది. మిగతాది పారేనీళ్లలో ఉతుకుతుంటే వెళ్లిపోతుంది. రంగు ఎక్కడ పడాలో రంగుకు తెలియదు. పటికకు తెలుసు. పటికకు రంగు లేదు.

హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ అనే యువ వైద్యుడికి తట్టింది ఇలాంటి జంటే. 1939 వేసవిలో బెర్లిన్ వెళ్లి అక్కడి గదిలో ఒంటరిగా కీళ్లవాతజ్వరం గురించి ఆలోచిస్తున్నాడు. ఆ జబ్బులో గుండెకండరంలో చిన్నచిన్న బుడిపెలు లేస్తాయి. అక్కడ సూక్ష్మజీవి తాలూకు పదార్థం ఉందా లేదా? ఉంటే కంటితో చూడటం ఎలా? శరీరం తయారుచేసే యాంటీబాడీ తన శత్రువును కోటిమందిలో ఉన్నా గుర్తుపట్టి పట్టుకుంటుంది. కాని అది కనపడదు. నువ్వు కనపడతావు, నీకు గుర్తుపట్టడం రాదు. మన తర్కంలో అంధపంగు న్యాయం అంటారు, గుడ్డివాడి భుజాల మీద కుంటివాడు ఎక్కి ఇద్దరూ ఊరు చేరడం. కూన్స్ నిన్ను యాంటీబాడీ భుజాల మీద ఎక్కించాడు.

మొదట ఎక్కించింది నిన్ను కాదు, నీలంగా వెలిగే ఆంత్రసీన్ జాతి రంగును. న్యుమోనియా సూక్ష్మజీవుల మీద అది బాగానే వెలిగింది. కానీ శరీర కణజాలం తనంతట తానే కొంచెం నీలంగా వెలుగుతుంది. నీలంలో నీలం కలిసిపోయింది. అప్పుడు నీ వంతు వచ్చింది. నిన్ను ప్రోటీన్‌కు ముడివేసే కొక్కెం తయారుచేయడానికి ఫాస్జీన్ కావాలి, యుద్ధాల్లో మనుషుల్ని చంపిన విషవాయువు. 1942లో ఎలుక కణజాలపు నల్లని నేపథ్యంలో నీ పచ్చ వెలిగి, సూక్ష్మజీవి పదార్థం ఇక్కడ ఉంది అని చూపించింది. తర్వాత కూన్స్ సైన్యంలోకి వెళ్లాడు. తిరిగొచ్చి మళ్లీ నీ దగ్గరే కూర్చున్నాడు.

ఇక్కడ ఒక పక్కమాట. అదే హార్వర్డ్ వైద్యకళాశాలలో అంతకుముందు పదిహేనేళ్లకు పైగా మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పనిచేశాడు. శరీరంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనం చూసి చెప్పే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించాడు. ఆ నీలం వెంటపడే, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఏటీపీనీ పట్టుకున్నారు. 1940లో ఆయన ఆ చోటు వదిలి వెళ్లాడు. మరుసటి సంవత్సరమే కూన్స్ తొలి పత్రం వచ్చింది. ఇద్దరికీ పరిచయం ఉందని చెప్పడం లేదు. రంగును అడిగితే అణువు జవాబిస్తుందని ఒకే ప్రాంగణంలో ఇద్దరు నమ్మారు, అంతే.

1958లో రిగ్స్ బృందం నీకు ఐసోథయోసయనేట్ అనే కొత్త కొక్కెం తొడిగింది. విషవాయువు పీల్చే భయం లేకుండా సీసాలో పొడిగా దొరకడం మొదలెట్టావు. ప్రోటీన్‌లో లైసీన్ అనే అమైనో ఆమ్లం చెయ్యి చాపి ఉంటుంది, క్షారపు నీళ్లలో ఆ చేతిని పట్టుకుంటావు. ఎఫ్.ఐ.టి.సి. అని ముద్దుగా పిలుస్తాం. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ల మొదటి పాఠం నువ్వే. యాంటీబాడీలో నిన్ను పోసి, గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టి, చలిగదిలో రాత్రంతా తిప్పుతాం. పొద్దున తీసేసరికి మా మేడమ్ అడిగే ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా నా మనసులో తెలుగులోనే వినపడేది: పండిందా?

తర్వాత కడగడం. ఐదునిమిషాలు, నీళ్లు మార్చి మళ్లీ ఐదునిమిషాలు, మళ్లీ. విసుగ్గా ఉంటుంది. పట్టని రంగంతా పోవాలి. పోకపోతే అంతా వెలుగుతుంది. అంతా వెలిగితే ఏమీ కనపడనట్టే.

నీ కథల్లో నాకు బాగా ఇష్టమైనది 1970 నాటిది. జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఒక ఎలుక కణాన్నీ ఒక మనిషి కణాన్నీ వైరస్ సాయంతో కలిపి ఒకే కణం చేశారు. ఎలుక తాలూకు ప్రోటీన్లకు నీ పచ్చ కట్టారు, మనిషి ప్రోటీన్లకు నీ చెల్లెలు రోడమిన్ ఎరుపు. కలిసిన కొత్తలో కణం సగం పచ్చ, సగం ఎరుపు, సరిహద్దు గీసినట్టు. కణంపొర గోడలా బిగిసి ఉంటుందనుకుంటే ఆ గీత అలాగే ఉండాలి. ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర, నలభై నిమిషాలు ఉంచి చూశారు. గీత లేదు. పచ్చా ఎరుపూ పొరంతా కలిసిపోయాయి. చల్లగా ఉంచినప్పుడు కలవలేదు. కణంపొర గోడ కాదు, పల్చటి నూనెమడుగు అనీ, ప్రోటీన్లు అందులో తామరాకుల్లా తేలుతూ తిరుగుతాయనీ నలభై నిమిషాల్లో చెప్పారు ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఎలుకా మనిషీ అన్న సరిహద్దు అంతసేపే నిలిచింది.

మీ వంశంలో కొందరిది చెడిపోయిన చదువు. డాపి ఉంది, 1971లో ఆఫ్రికా నిద్రజబ్బుకు మందు వెతుకుతూ ఒట్టో డాన్ ల్యాబులో చేశారు. మందుగా నెగ్గలేదు. అయితే డీఎన్ఏ సన్నని గాడిలో, ఏ, టీ అక్షరాలు ఎక్కువున్నచోట, ఒళ్లు సరిగ్గా ఇమిడేలా కూర్చుంటుంది. కూర్చున్నాక నీలంగా వెలుగుతుంది, కూర్చోకముందు మసకే. ఇప్పుడు ప్రపంచంలో ఏ కణం బొమ్మ చూసినా మధ్యలో నీలిచందమామలా ఉన్న కేంద్రకం చాలాసార్లు డాపిదే. ఎథిడియం కూడా పశువుల మందే, అదే జాతి జబ్బుకు. ఇప్పుడు దాన్ని చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోనివ్వరు, డీఎన్ఏ మెట్ల మధ్య దూరిపోయే దాని గుణం మనకు మంచిది కాదు. ఇంకొకతె ఉంది, మృత్యుటోపీ అని యూరప్‌లో పేరుపడ్డ విషపు పుట్టగొడుగు నుంచి తీసే ఫాలాయిడిన్. కణానికి ఎముకల్లాంటి యాక్టిన్ పోగుల్ని పట్టుకుని విడవదు. దానికి రోడమిన్ కట్టి వేస్తే కణం లోపలి తాళ్లన్నీ ఎర్రగా బిగుసుకుని కనిపిస్తాయి. కాలేయాన్ని చంపే పట్టుదలే ఇక్కడ పనికొచ్చింది.

అష్టోత్తరం రాయాలంటే కేటలాగు తెరిస్తే చాలు. టెక్సస్ రెడ్డు. పిల్లాడి పేరు పెట్టుకున్న అలెక్సా ఫ్లోర్: రిచర్డ్, రోసారియా హాగ్లండ్ దంపతులు తమ కొడుకు అలెక్స్ పేరు రంగుకిచ్చారు, పక్కన ఏ రంగు వెలుగు తాగుతుందో ఆ అంకె, 488, 594. అదే రిచర్డ్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1967లో, లూబర్ట్ స్ట్రయర్‌తో కలిసి, రెండు రంగుల్ని ఒక అణువు రెండు కొసలకు కట్టి, ఒకటి తాగిన వెలుగు రెండోదానికి ఎంత అందిందో చూసి వాటి మధ్య దూరం కొలిచాడు. దూరం పెరిగితే ఆరో ఘాతంలో అందడం మానేస్తుంది. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేసి, అందులో ఒకటి నుంచి పది దాకా కొలిచే స్కేలు అది. ఇంకా సయనిన్లు, సై3, సై5. ఒకప్పుడు ఫొటో ఫిల్ముకు ఎరుపు చూడటం నేర్పిన రంగుల జాతి. నడుమ వంతెనలో మూడు కర్బనాలుంటే 3, అయిదుంటే 5. వంతెన పొడవయ్యేకొద్దీ వెలుగు ఎరుపుకు జరుగుతుంది. వాటిని జీవాణువులకు కట్టేలా చేసింది పిట్స్‌బర్గ్‌లో అలన్ వాగనర్ బృందం. సై5 సుకుమారి. గాలిలో ఓజోన్ పెరిగితే వాడిపోతుందని 2003లో తేలింది.

1986లో కాలిఫోర్నియాలో లీరాయ్ హుడ్ ల్యాబువాళ్లు డీఎన్ఏ నాలుగక్షరాలకు నాలుగు రంగులిచ్చారు. అంతకుముందు ఆ అక్షరాల్ని రేడియోధార్మిక భాస్వరంతోనో గంధకంతోనో గుర్తుపెట్టి, ఎక్స్‌రే ఫిల్ము మీద పడే నల్లగీతల్ని కళ్లు పొడుచుకుని చదివేవారు. మనిషి జన్యుగ్రంథం చదవడం మొదలై ముగిసిందంటే, లేజరు ముందు నుంచి ఒక్కో అక్షరం తన రంగు చూపించి వెళ్తుంటే యంత్రం రాసుకోబట్టే.

బతికున్న కణం లోపలికి వెళ్లడం మాత్రం మీ వంశంలో చాలామందికి చేతనయ్యేది కాదు. కణంపొర నూనెపొర కదా, విద్యుదావేశం ఉన్నదాన్ని రానివ్వదు. కాల్షియాన్ని పట్టే రంగులకు ఒంటినిండా ఆవేశమే. 1981లో రోజర్ సియెన్ వాటికి మారువేషం వేశాడు. ఆవేశాలన్నిటి మీదా ఎస్టర్ ముసుగులు కప్పాడు. ముసుగుతో పొర దాటిపోతుంది. లోపల కణం తాలూకు ఎంజైములే వచ్చిన అతిథి శాలువా అందుకున్నట్టు ఆ ముసుగులు తీసేస్తాయి. ఇప్పుడు మళ్లీ ఆవేశాలు బయటపడ్డాయి, బయటికి రాలేదు. అక్కడే ఉండి, గుండెకణం కొట్టుకున్నప్పుడల్లా కాల్షియం పోటెత్తడాన్ని వెలిగి చెబుతుంది. గుండె కొట్టుకోవడం వినడం తెలుసు, అది కంటికి కనపడటం నేను ఎప్పటికీ మరిచిపోలేను. మెరుపు, చీకటి, మెరుపు.

సియెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది, ఒసాము షిమొమురా, మార్టిన్ చాల్ఫీలతో కలిపి. అయితే నీకు కాదు, నీ సవతికి: షిమొమురా 1961 వేసవిలో వేలకొద్దీ సముద్రపు జెల్లీచేపల అంచులు కత్తిరించి వడగట్టి తీసిన పచ్చని ప్రోటీన్‌కు. దాని జన్యువును కణంలో పెడితే కణమే రంగు వండుకుంటుంది. కట్టక్కర్లేదు, కడగక్కర్లేదు. అప్పుడు నీ పని అయిపోయిందన్నారు కొందరు. కాలేదు. అది నీకంటే సుమారు ఎనభై రెట్లు బరువు, గుమ్మంలో పట్టని చుట్టంలా. సన్నటి సందుల్లోకి పోవాలంటే నువ్వే కావాలి.

నీ లోపాలు చెప్పకుండా పొగడటం భట్రాజుల పని. నువ్వు వాడిపోతావు. చూసేకొద్దీ వాడిపోతావు. ఒక అణువుగా నువ్వు పదివేల లెక్కలో వెలుగుకణాలు ఇచ్చి, ఆక్సిజన్ తగిలి చచ్చిపోతావు. అందుకే చీకట్లో పెంచుతాం, రేకులో చుడతాం, దీపం కవాటం మూసి మూసి చూస్తాం. చేరిన రెండో నెలలో నేను ఫోను మాట్లాడుతూ కవాటం తెరిచి వదిలేశాను. పావుగంట తర్వాత వచ్చి చూస్తే వారం రోజుల పని గుండ్రటి నల్లమచ్చ. దీపం పడినంతమేరా అమావాస్య. ఏడుపొచ్చింది. మేడమ్ స్లైడును కాస్త జరిపి, పక్కన ఇంకా వెలుగుతున్న కణాల్ని చూపించి, "ఇక్కడ చూడు, ఇందాక ఎవరూ చూడలేదు కాబట్టి బాగుంది" అంది. ఆ వాడిపోవడాన్ని కూడా పనిముట్టు చేసుకున్నారు 1976లో. కావాలని లేజరుతో ఒక మచ్చ వాడ్చి, చుట్టుపక్కల నుంచి వెలుగు తిరిగి ఎంతసేపటికి వచ్చి నిండుతుందో గడియారం పెట్టి చూస్తారు. ప్రోటీన్ల నడక వేగం అలా తెలుస్తుంది.

ఇంకో వింత ఉంది. కొందరు మీలో పూర్తిగా చావకుండా కన్ను మూసి తెరుస్తారు. 1873లో ఎర్నెస్ట్ ఆబే కాంతికి ఒక హద్దు గీశాడు, దాని సూత్రాన్ని యేనా ఊళ్లో రాతి మీద చెక్కి పెట్టారు. సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వెలుగుల్ని ఎంత గొప్ప కటకమైనా విడదీయలేదు. నిజమే. కాని రెండూ ఒకేసారి వెలిగితే కదా! తిరునాళ్ల రాత్రి దూరం నుంచి దీపాలన్నీ ఒక్క మసకగా కనపడతాయి. ఒక్కొక్కటే వెలిగి ఆరితే ఒక్కోదాని నడిమిని లెక్కగట్టొచ్చు. సై3, సై5 జంటను అలా రెప్పలార్పించి 2006లో షావోవెయ్ ఝ్వాంగ్ బృందం బొమ్మ కట్టింది. ఆ పద్ధతితోనే 2013లో నాడీకణపు తీగలో 190 నానోమీటర్ల ఎడంతో వరసగా ఉన్న యాక్టిన్ వలయాలు బయటపడ్డాయి, గంపకు చుట్టిన బద్దల్లా. అవి ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయి. ఆబే రాయిని ఎవరూ పగలగొట్టలేదు. మీ రెప్పపాటులో నుంచి పక్కకు తప్పుకుని వెళ్లారు.

నువ్వు అబద్ధం కూడా చెబుతావు, చెప్పించేవాళ్లుంటే. పీచుమిఠాయికి గులాబీ రంగు వచ్చింది నీ చెల్లెలి వల్లేనని తేలి 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి ఆ మిఠాయిని నిషేధించింది, ఆ పాలనలోనే ఉన్నది మన యానాం. రోడమిన్ పేరులోనే గులాబీ ఉంది, గ్రీకులో రోడాన్ అంటే గులాబీ. పిల్లల నాలుక మీద దానికేం పని? ల్యాబులో నీ అబద్ధం వేరు. సరిగా కడగకపోతే లేనిచోట ఉన్నట్టు చూపిస్తావు. అందుకే ప్రతి ప్రయోగంలో ఒక స్లైడు ఉంటుంది, గుర్తుపట్టే యాంటీబాడీ వేయకుండా నిన్ను మాత్రమే వేసింది. అది నల్లగా ఉండాలి. మేడమ్ ఎప్పుడూ ముందు దాన్నే పెట్టించేది. "ఉన్నదాన్ని చూసి సంబరపడకు. ముందు లేనిచోట లేదా చూడు."

2020లో ఊరూవాడా నీ లెక్క మాట్లాడింది, నీ పేరు తెలియకుండా. గొంతులోంచి తీసిన నమూనాలో కరోనా వైరస్ ఉంటే, యంత్రంలో ఒక్కో ఆవృత్తికీ అది రెట్టింపవుతుంది. దానికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్క ఒక కొసన నీ బిడ్డ ఫామ్, ఇంకో కొసన నోరునొక్కే అణువు. ఎంజైము ఆ ముక్కను తెంపితే ఫామ్ విడిపోయి వెలుగుతుంది. ఎన్నో ఆవృత్తిలో నీ పచ్చ గీత దాటిందో అదే సీటీ వాల్యూ. ఫోన్లలో, వాట్సాపుల్లో, "ఇరవైరెండంట", "ముప్పైనాలుగంటే ఫర్వాలేదంట". మా మేనమామ రిపోర్టులో గ్రాఫు గీత అడుగునే పడుకుని ఉంది, నలభై ఆవృత్తులూ లేవకుండా. ఆ చదునైన గీతను అత్తయ్య ఫోనులో పెద్దది చేసి చేసి చూసుకుంది.

ఆ వడ్లపొట్టు పడ్డ నాలుగు రోజుల తర్వాత నాన్నా నేనూ మళ్లీ ఆ కంటి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. మళ్లీ కాగితం పీలిక, మళ్లీ చుక్క. లైటు ఆరింది. నీలిదీపం కింద ఎవరూ పిలవకుండానే నేను దగ్గరికి వెళ్లి వంగాను. రెప్పల అంచున కన్నీళ్లలో కాస్త పచ్చ తేలుతోంది. నల్లగుడ్డు నల్లగా ఉంది.

"ఏం కనపడుతోందే?" అన్నాడు నాన్న, కదలకుండా.

"ఏం లేదు నాన్నా."

బస్సులో ఆయన ఆ కన్ను ఒత్తుకుంటూనే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి కండువా కొసన పసుపు మరక ఉంది. నాయనమ్మ దాన్ని రెండుసార్లు ఉతికింది, పోయింది.